నలుగురి పొట్లం

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురు వరుసలో అంబదాస్ టైలర్ దుకాణం ఉంది. మీసాలు రాకముందు పట్టిన సూదిని మీసాలు నెరిసినా వదల్లేదు. ఆ సూదితోనే ఇల్లు కట్టాడు, కూతురు చందనను సంగారెడ్డిలో చదివిస్తున్నాడు. అలాంటి మనిషికి సూదంటే భయం. బట్టకు గుచ్చే సూది కాదు, ఒంటికి గుచ్చేది. పరీక్షకు రక్తం ఇవ్వాల్సి వచ్చినా కళ్లు గట్టిగా మూసుకుని బోరంచ నల్లపోచమ్మను తలుచుకుంటాడు.

అందుకే దవాఖానలో డాక్టరమ్మ మాట విన్నాక దుకాణం దాకా ఎలా నడిచి వచ్చాడో అతనికే తెలియలేదు.

"మాత్రలతోని షుగర్ దిగుతలేదు. వచ్చే నెల పరీక్షల కూడా గిట్లనే ఉంటే ఇన్సులిన్ సూది మొదలువెడదాం. రోజూ నీకు నువ్వే పొట్టకు గుచ్చుకోవాలె" అందామె.

సెలవులకు వచ్చిన చందన తండ్రి ఫోన్‌లో సరుకుల యాప్ పెట్టింది. "నాయినా, కొనేముందు ప్యాకెట్ వెనక ఫొటో పెద్దగ చేసి సూడు. చక్కెర ఎంత, ఉప్పు ఎంత, అన్నీ రాసి ఉంటయ్. తక్కువున్నదే తెప్పించుకో."

ఇక అంబదాస్‌ను పట్టేవాళ్లు లేరు. కొలతలివ్వడానికి వచ్చినవాడు చేతులు చాపి నిలబడే ఉంటాడు, ఈయన రెండు వేళ్లతో ఫోన్‌లో డబ్బాలు సాగదీస్తుంటాడు. బేకరీ మిక్చర్ మానేశాడు, మానేసి ఊరుకోక తినేవాళ్లకు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఒకరోజు భార్య తిరుమల వడ్డించిన జొన్నరొట్టెను కూడా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ల ఎంత ఉన్నదో ఏడ రాసిన్రు?"

"నీ వీపు మీద రాస్త. ముందైతే తిను" అంది తిరుమల.

ఎంతో వెతికి చివరికి ఓట్స్ బిస్కెట్లు ఎంచుకున్నాడు. చక్కెర నాలుగు గ్రాములు అని ఉంది. అంత తక్కువా అని మురిసిపోయి, రోజూ సాయంత్రం టీతో పొట్లం పొట్లమంతా హాయిగా లాగించాడు. నెలలో సగం అలాగే గడిచింది.

ఒకనాడు చొక్కా గుండీ కోసం కూర్చున్న ఆటో శివరాజ్ ఊసుపోక ఆ పొట్లం తిప్పి చదివాడు. "అన్నా, గీ నాలుగు గ్రాములు పొట్లం మొత్తానికి కాదే. ఒక్కసారి తినేదానికి. గీడ సిన్నగ రాసిన్రు సూడు, పొట్లంల నాలుగు పాళ్లున్నయ్."

అంబదాస్ చేతిలో బిస్కెట్ ఆగిపోయింది. సూది భయం ఒకవైపు, అంతకు మించిన సిగ్గు ఇంకోవైపు. గుడ్డ తెచ్చిన ప్రతివాడినీ "పన్నా ఎంత?" అని అడిగి, అడ్డం వెడల్పు తెలియనిదే కత్తెర పట్టని మనిషి. తాను మాత్రం పన్నా చూడకుండానే ఇన్నాళ్లు కోసేశాడు.

మర్నాడు పావు వంతు తిని మిగతాది మిషన్ సొరుగులో దాచాడు. కాలు మిషన్ తొక్కుతుంటే చెయ్యి సొరుగులోకి పోయింది. ఆ వీధిలో విప్పిన పొట్లం మూసి దాచడం ఎవరికీ అలవాటు లేని పని. అప్పుడు అతనికి తోచింది: నాలుగు పాళ్లుంటే నలుగురు మనుషులుండాలి!

అప్పటినుంచి సాయంత్రం టీకి తను, శివరాజ్, దుకాణంలో గుండీలు కుట్టే కాశమ్మ, పక్కనే కందుల వ్యాపారం చేసే మల్లప్ప చేరితేనే పొట్లం విప్పేవాడు. ముగ్గురే ఉంటే ఎవరెంత బతిమాలినా విప్పడు. క్రమంగా ఏం తెప్పించాలో కూడా నలుగురూ ఫోన్ మీదకు వంగి తేల్చేవాళ్లు.

"దాన్ల ఉప్పు ఎక్కువున్నది, నాకు బీపీ. ఇంకోటి సూడు" అనేవాడు మల్లప్ప.

పరీక్ష రోజు వచ్చింది. కాగితం చూసిన డాక్టరమ్మ, "జెర దిగింది. సూది ఇప్పుడే వద్దు, గిట్లనే నడిపియ్" అంది. అంబదాస్‌కు ఏడుపొచ్చినంత పనయింది. బయటకొచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి, ఆ సంతోషంలో గులాబ్‌జామూన్ డబ్బా తెప్పించుకుందామని ఫోన్ తీశాడు. అలవాటుగా వెనక ఫొటో సాగదీశాడు. పన్నెండు పాళ్లు. శివరాజ్, కాశమ్మ, మల్లప్ప అని వేళ్లు మడిచాడు. మిగతావాళ్లను ఎక్కడినుంచి తేవాలి? నిట్టూర్చి ఫోన్ పక్కన పెట్టేశాడు.

లోపల తిరుమల రొట్టెలు కొడుతోంది. వెళ్లి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"నాకు ఎన్ని చేస్తున్నవే?"

"రెండు."

"ఏడ రాసి ఉన్నది?" అన్నాడు నవ్వుతూ.

తిరుమల నవ్వలేదు. "నువ్వు భయపడితే ఆ సూది నేనే గుచ్చాలె గద, నాకు చెయ్యి వస్తదా రాదా అని నెల దినాల సంది నేను నిద్రవోతలేను" అంది. "రెండే తిను."

అంబదాస్ రెండే తిన్నాడు.