ఒక్క పాట దూరంలో గది

అరకులో ఉన్న లాడ్జీలన్నింటినీ ఒక్క పూటలో, కాలినడకన గాలించి వడపోసినవాణ్ణి నేను. నన్ను చూడగానే కౌంటర్లో కూర్చున్నవాళ్ళు అడక్కుండానే రేటు తగ్గించేవారు. పార్కుకి నడిచి వెళ్ళేంత దగ్గర, పెన్షను డబ్బులకి అందేంత చవక, మోకాలి ఆపరేషనయిన మనిషి హాయిగా ఉండేంత సదుపాయం, ఈ మూడూ ఒకే గదిలో కుదరడం అక్కడ ఎవరూ కనీవినీ ఎరగరు. ఆ గది పట్టింది నేను. మా బంధువుల్లో ఎవరు అరకు వెళ్ళాలన్నా ముందు నాకే ఫోను చేస్తారు.

ఇది నేను పెళ్ళిభోజనాల దగ్గర చెప్పే కథ. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కొంచెం భయం వేస్తోంది కాబట్టి సరిచేస్తాను. లాడ్జీలన్నీ కాదు, నాలుగు. నాలుగోదాని బోర్డు ఒక్కటే చూశాను, అదీ బస్సు కిటికీలోంచి. రేటు ఎవరూ తగ్గించలేదు. ఫోను చేసిన బంధువు ఒక్కడే, అతను కూడా నా మాట విని వేరే చోట దిగాడు.

గది మాత్రం నిజం.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడు ఆ మాటనే ఇంకాస్త ఒత్తి పిలుస్తుంది. మేం సాలూరులో ఉంటాం. నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, ఆవిడ నర్సుగా. పాచిపెంట పైనున్న కొండ ఊళ్ళన్నీ టీకాల డబ్బా భుజాన వేసుకుని ఎక్కిదిగిన కాళ్ళు ఆవిడవి. ఉద్యోగం అయ్యేసరికి కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషను చేసి కొత్త కీలు వేశారు. బాగా కుదిరిందని డాక్టరన్నాడు, ఎక్స్‌రే కూడా అదే అంది. ఆవిడకే నమ్మకం కుదరలేదు.

రోజూ సాయంత్రం నడవమన్నారు. మా గేటు నుంచి చర్చి గేటు దాకా నడిచేది. అడుగడుగునా ధ్యాసంతా మోకాలి మీదే ఉంటోందని, ధ్యాస మళ్ళడానికి అడుగుకో తాళం చొప్పున ఒక కీర్తన పాడుకోవడం మొదలుపెట్టింది. మా గేటు దగ్గర పల్లవి ఎత్తుకుంటే ఆఖరి చరణం పూర్తయ్యేసరికి చెయ్యి చర్చి గేటు మీద పడేది. అక్కడ బల్ల మీద కాసేపు కూర్చుని, మళ్ళీ అదే పాటతో ఇంటికి. మంచి ఉపాయమే అనుకున్నాను. ఆ పాటనే ఆవిడ కొలబద్ద చేసుకుందని తర్వాత తెలిసింది. మందుల షాపు రెండు చరణాల దూరం, వెళ్ళొచ్చు. చెల్లెలి ఇల్లు పాటకి లోపే, వెళ్ళొచ్చు. బజారు పాట దాటిపోతుంది, వద్దు. నెలలు గడిచినా అంతే. పాట అయిపోయాక ఇంకో అడుగు వేస్తే కొత్త కీలు ఊడిపోతుందని ఆవిడ నమ్మకం. అన్ని కొండలెక్కిన మనిషి చర్చి గేటు దాటడం లేదు. ఆ సంగతి నన్ను లోపల లోపలే తినేస్తూ ఉండేది.

ఆటో కూడా ఎక్కదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున ఆటో మెట్టు ఎత్తుగా ఉంటే డ్రైవరూ నేనూ చెరో రెక్కా పట్టుకుని లోపలికి చేర్చాం. "బియ్యం బస్తాని ఎక్కించినట్టు ఎక్కించినారు. ఇంక ఆటో మాట నా దగ్గర ఎత్తకు" అంది. ఎత్తలేదు.

అలాంటి మనిషి ఒక రోజు కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "బావా, అరకు పార్కులో బొమ్మ రైలు ఎక్కాలనుంది" అంది.

సండే స్కూలు పిల్లల్ని ఏడాదికోసారి ఆ పార్కుకి తీసుకెళ్ళేది. పిల్లలు రైల్లో చుట్లు కొడుతుంటే తను కింద నిలబడి చెప్పులూ సంచులూ కాపలా కాసేది. ఒక్కసారీ ఎక్కలేదు. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎల్దాం. మేనల్లుడు పాడేరు ఎల్తూ కారులో దింపుతాడు. మర్నాడు తిరుగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాడు" అన్నాను. కారయితే ఆవిడకి ఇబ్బంది లేదు. ముందు సీటు వెనక్కి జరిపితే, కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటుంది.

"ఒకటి సెప్తాను, ఇను. గది కాడినుంచి పార్కు గేటు దాకా నా కాళ్ళతో నాను నడిసి ఎల్లాల. గది ఒక్క పాట దూరంలో ఉండాల. లేదంటే ఒద్దు."

అది వలిసె పూల సీజను. కొండవాలు పొలాలన్నీ పసుప్పచ్చగా ఉంటే ఫొటోలు తీసుకోవడానికి ఊళ్ళకి ఊళ్ళే అరకు మీద పడతాయి, గది రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి. ఫోన్లో చూస్తే ప్రతి లాడ్జీ పార్కు పక్కనే అని రాసుంది. అన్ని లాడ్జీలు పక్కన ఉండాలంటే ఆ పార్కుకి ఎన్ని పక్కలుండాలి? నమ్మకం కుదరక, ఓ రోజు తెల్లవారుతూనే విజయనగరం పోయి అరకు బస్సెక్కాను.

మొదటి లాడ్జీ పార్కు గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. పల్లవి కూడా అక్కర్లేదు, గొంతు సవరించుకునేలోపు గేటు. రేటు విన్నాను. వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వచ్చేశాను. రెండోది చవక, శుభ్రం, పాటలో సగానికే గేటు. కాని గదులన్నీ మేడ మీద, దొడ్డి చూస్తే కింద కూర్చునే రకం. మోకాలు మార్చినవాళ్ళు ఆ పని చెయ్యలేరు. ఆ సంగతి చెబితే కౌంటర్లో ఉన్నతను, "ఒక్క రోజుకేటండి, సర్దుకోండి" అన్నాడు. ఏం సర్దుకోమంటాడో అడగలేదు.

మూడోది రోడ్డు వారగా ఉన్న పెంకుటిల్లు, పక్కన కొత్తగా కట్టిన గదుల వరస. అన్నీ కిందే. కుర్చీ దొడ్డి, దాని పక్కన గోడకి పట్టుకోవడానికి కమ్మీ. పెరట్లో కట్టెల పొయ్యి మీద వేణ్ణీళ్ళ డేగిసా. అద్దె మాకు అందేదే. నడిపేది ఒక నడివయసు ఆవిడ. పాట ఎత్తుకుని గేటు వైపు బయల్దేరాను.

రోడ్డు మలుపుకి ఇవతల, ఒక కాఫీ బడ్డీ దగ్గర, ఆఖరి చరణం అయిపోయింది. గేటు కనపడనే లేదు.

వెనక్కి వచ్చాను. మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి నిదానంగా, శిలువ ధ్యానాల రోజుల్లో పాడినట్టు సాగదీసి, చరణం చరణానికీ పల్లవి రెండేసిసార్లు పాడుతూ నడిచాను. పల్లవి రెండుసార్లు పాడకూడదని బైబిల్లో ఎక్కడా లేదు. బొంగు చికెన్ కాలుస్తున్న ఒకతను పొగలోంచి తల పైకెత్తి, "ప్రేయరెక్కడ మాస్టారూ?" అని అడిగాడు. జవాబు చెబితే తాళం తప్పుతుందని చెయ్యి ఊపి సాగిపోయాను. ఆఖరి మాట అంటూ ఉండగా నా చెయ్యి పార్కు గేటు మీద పడింది.

తిరిగొచ్చేసరికి లాడ్జీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇందాకట్నుంచి సూత్తన్నాను. మొదట్సారి బస్సు తప్పిపోతాదన్నట్టు ఎల్లినారు. రెండోసారి పెళ్ళికూతురులాగ ఎల్లినారు. ఏటండి సంగతి?"

చెప్పాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. "లాడ్జీని నాను ముందుకి జరపలేను. అమ్మగారికి సరిపోకపోతే మాత్రం నన్ననకండి" అంది.

"సరిగ్గా సరిపోయింది" అన్నాను, అడ్వాన్సు ఇస్తూ. ఇంటికొచ్చి మా ఆవిడకీ అదే చెప్పాను. "ఒక్క పాట. అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు."

వారం తిరక్కుండానే వెళ్ళాం. సాయంత్రం మేనల్లుడు మమ్మల్ని దింపి పాడేరు వెళ్ళిపోయాడు. మా ఆవిడ సామాను సంగతి చూడకుండా ముందు దొడ్డి చూసింది, కమ్మీ పట్టుకుని ఊపింది, గది గడప దాటి రెండుసార్లు లోపలికీ బయటికీ నడిచింది. "బాగుంది బావా" అంది. ఆ మాటకి నేను సంతోషించాలి. సంతోషించలేకపోయాను. దుప్పటి కప్పుకుని పడుకుంటే ఆ మలుపే కనిపిస్తోంది.

పొద్దున్న మంచు ఇంకా విడలేదు. వేడినీళ్ళ స్నానాలయ్యాయి, ఇడ్లీలయ్యాయి. చేతికర్ర పుచ్చుకుని ఆవిడ లాడ్జీ గేటు దగ్గర పల్లవి ఎత్తుకుంది. తన పద్ధతిలో, పల్లవి ఒక్కొక్కసారే. నేను పక్కన నడుస్తూ మధ్యలో ఏదో ఒకటి మాట్లాడి పాట ఆపించాలని చూశాను. వలిసె పూలు చూపించాను. కొండ చూపించాను. ఆవిడ అటు తల తిప్పిందే గాని పాట ఆపలేదు. కాఫీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి ఆఖరి చరణం అయిపోయింది. నిలబడిపోయింది.

"ఏటి బావా, గేటేదీ?"

"ఆ మలుపు తిరిగితే కనబడతాది."

"పాటయిపోనాది కదా?"

"నాను పాడినప్పుడు సరిపోయింది."

"ఎలాగ పాడినావేటి?"

ఇంక దాచలేక చెప్పేశాను, పల్లవి రెండేసిసార్లు పాడుకున్నానని.

"మన చర్చిలో రెండేసిసార్లు ఎవులు పాడతారు?"

"గుడ్ ఫ్రైడేకి పాడతాం కదా."

"ఇయేల గుడ్ ఫ్రైడేనా?"

ఈ లోపల ఒక ఆటో మా పక్కన ఆగింది. "పార్కుకేనా అమ్మా? ఎక్కండి, దింపేత్తాను" అన్నాడు డ్రైవరు. ఎక్కితే మళ్ళీ బస్తా. వెనక్కి తిరిగితే, ఇక ఆ పాట గీత దాటి ఆవిడ ఎన్నటికీ రాదు. ఆ గీతని నేనే సాగదీసి ఆవిడని ఇక్కడిదాకా తెచ్చాను. కీలు ఊడుతుందన్న భయం ఇప్పుడు నాకు కూడా పట్టుకుంది.

బడ్డీలో ఉన్న ముసలమ్మ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. మా ఆవిడని అందులో కూర్చోబెట్టాను. కాఫీ ఇప్పించాను. ఎదురుగా నిలబడి ధైర్యం చెప్పాను. పాచిపెంట కొండల్లో డబ్బా మోసుకుని ఎక్కినప్పుడు ఏ పాటతో కొలిచావు, ఆ రోజుల్లో నీ వెనక రాలేక అటెండరు ఉద్యోగం మానేశాడు కదా, ఇలా చాలానే చెప్పాను. మంచులోనూ నాకు చెమట పట్టింది, మఫ్లరు విప్పేశాను. ఆవిడ అంతా విని, ఆటో అతనితో, "నువ్వెల్లు బాబూ" అంది.

తర్వాత నడిచింది. పాట లేకుండా, ఉత్తినే, రోడ్డు మీద కర్ర చప్పుడు తప్ప ఏమీ లేకుండా. మలుపు తిరిగాం. గేటు కనపడింది. చెయ్యి వేసింది గేటు మీద, చర్చి గేటు మీద వేసినట్టే.

లోపల బొమ్మ రైలు సిద్ధంగా ఉంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనయిన కాలు ముందు పెట్టాలని ఆస్పత్రిలో నేర్పారు. ఇంట్లో వాకిలి మెట్టు దగ్గర కూడా ఆవిడ ఆగి, ఏ కాలో చూసుకుని మరీ ఎక్కుతుంది. రైలు పెట్టెకి చిన్న మెట్టు. వెనక పిల్లలు తోసుకుంటున్నారు. "ఉండండర్రా గుంటల్లారా" అంటూ మా ఆవిడ కుడి కాలు ముందు పెట్టి ఎక్కేసింది. కొత్త కీలున్న కాలు. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, నాకు చోటు వదిలింది. తను చేసిన పని తనకే తెలీదు. నేను చూశాను. అప్పుడు నా గుండెల మీంచి దిగిన బరువు సంగతి నాలాంటి కోతలరాయుడు చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పను. రైలు కూత వేసింది. మొక్కల మధ్యన, బొమ్మల పక్కన రెండు చుట్లు తిప్పింది. దిగాక మా ఆవిడ, "ఇంకోపాలి ఎక్కుదాం" అంది. ఎక్కాం.

మధ్యాహ్నం మేనల్లుడి కోసం లాడ్జీకి తిరిగి నడిచాం. దారంతా పార్కులో టిక్కెట్లిచ్చే పద్ధతి బాగోలేదని చెబుతూనే ఉంది. సాలూరు వచ్చిన మర్నాడు సాయంత్రం, చర్చి గేటు దగ్గర ఆగుతుందనుకుని నేను బల్ల తుడిచాను. ఆవిడ బజారు వైపు వెళ్ళిపోయింది. వంకాయలు పట్టుకుని, వంకాయలమ్మే మనిషితో తగువు పెట్టుకుని వచ్చింది. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర ఈ మధ్య ఎప్పుడూ పట్టలేదు.

ఇదంతా రాసి, నిన్న మా ఆవిడకి చదివి వినిపించాను. కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటూ విన్నది. పాట సాగదీసిన చోట నవ్వింది. రైలు దగ్గర కాలి సంగతికి, "అవునా, సూసుకోనేదు" అంది. అంతా అయ్యాక చేట కింద పెట్టింది.

"అంతా బాగానే రాసినావు గానీ, ఆ బడ్డీ కాడ కుర్చీలో కూకున్నది నువ్వు, బావా. నాకేటీ అవనేదు. నీ ఆయాసం తగ్గీదాకా నాను నిలబడే ఉన్నాను."