కేశవులన్న బండి మీద నుంచి పడిపోలేదు

నిన్న మధ్యాహ్నం కేశవులన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి, "ఆ అన్నా, వచ్చినావా?" అన్నాను.

అవతల అన్న గొంతు కాదు.

"సార్, ఈ ఫోనాయన కల్వర్టు మీద కూసోని పక్కకు ఒరిగిపోయినాడు. పిలిస్తే పలకడం లే" అన్నాడు ఎవరో గొర్రెలు మేపుకునే ఆయన.

నేను కారు వేసుకుని వెళ్లేసరికే అంతా అయిపోయింది. మార్కాపురం ఆస్పత్రిలో డాక్టరు గుండెపోటు అన్నాడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. టైపింగ్‌లో తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

అసలు ఈ పోస్ట్ ఎందుకంటే, నిన్న సాయంత్రం నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. "అంత పెద్ద బైక్ టెస్ట్ పాసైనోడు, స్పీడుగా పోయి పడినాడంట." ఒకాయన దాని కింద నవ్వే బొమ్మ కూడా పెట్టాడు.

అన్న పడలేదు. బండికి గీత కూడా పడలేదు.

జరిగింది చెప్తాను. అందులో నా తప్పు ఉంది. అదీ చెప్తాను.

తెలియనివాళ్లకు: చెన్నకేశవులు అన్న పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్. మా పక్కిల్లు. పాతికేళ్లుగా ఒక పాత హండ్రెడ్ సీసీ బండి మీద ఊరూరా తిరిగి గొర్రెలకు, బర్రెలకు సూదులు వేసిన మనిషి.

రెండేళ్ల కిందట ఫోన్‌లో ఏదో వీడియో చూసి, బెంగళూరు దగ్గర ఒక రైడింగ్ స్కూల్ వాళ్లు పెట్టే అడ్వాన్స్‌డ్ రైడింగ్ టెస్ట్‌కు పోతానన్నాడు. యాభై దాటాక ఈ సర్కస్ ఏంటని ఎగతాళి చేసింది నేనే. చేసి, తోడు వెళ్లిందీ నేనే.

అక్కడ అందరివీ లక్షల బండ్లు. అన్న బండికేమో వెనక టీకాల డబ్బా కట్టుకునే క్యారియర్. ఎగ్జామినర్ ఇంకో బండి మీద వెనకే వస్తూ గంటన్నర సేపు గమనిస్తాడు. కొండ ఎక్కేదాకా అన్న బ్రహ్మాండంగా నడిపాడట.

దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేశాడు.

మనమంతా గిద్దలూరు ఘాట్‌లో చేసే పనే అది. పెట్రోలు మిగులుతుందని మన నాయనల కాలం నుంచి అలవాటు. ఆ ఎగ్జామినర్ హడలిపోయి బండి ఆపించాడట. ఇంజన్ ఎందుకు ఆపావని అడిగితే అన్న, "డౌన్ గదా సార్, దానంతటదే పోతాది" అన్నాడట.

ఫెయిల్. గేర్‌లో లేని బండిని ఘాట్ దిగుడులో ఒట్టి బ్రేకులతో ఆపలేమంట.

తిరిగొచ్చే దారంతా వెనక కూర్చుని నవ్వుతూనే ఉన్నాను. నంద్యాల దాటి ఘాట్ దిగేటప్పుడు చూస్తే అన్న ఇంజన్ ఆపలేదు. సెకండ్ గేర్‌లో మెల్లగా దించుతున్నాడు.

"పాతికేండ్లు తప్పు తోలినా రా రవీ. దేవుడు కాపాడినాడు గానీ, నాకు తోలడం వచ్చి గాదు" అన్నాడు.

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

తర్వాత ఆరు నెలలు ప్రతి ఆదివారం అదే ఘాట్‌లో ప్రాక్టీస్. రెండోసారి పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్‌ను వదిన ఫ్రేమ్ కట్టించింది.

ఆ టెస్ట్‌లో నోటి ప్రశ్నలు కూడా ఉంటాయి. బండి ఎప్పుడు ఎక్కకూడదు అని అడిగితే, ఒంట్లో బాగలేనప్పుడు అని చెప్పాడట. అందరూ చెప్తారు. అన్న పాటించాడు. పోయిన వానాకాలం జ్వరమొస్తే టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో దొనకొండ పోయాడు. అప్పుడూ అందరం ఆటపట్టించాం.

ఇక నిన్న సంగతి.

పన్నెండున్నరప్పుడు అన్న నాకు ఫోన్ చేశాడు. నేను మా ఎరువుల కొట్లో ఉన్నాను. బేరాలు బాగున్నాయి.

"రవీ, గుండెల కాడ గ్యాస్ పట్టినట్టుంది రా. బండి తోలబుద్ధి కాలే. కారేసుకొని వస్తావా?"

"ఏడున్నావన్నా?"

"పెద్దారవీడు దాటినా."

"ఆమాత్రం దానికి కారెందుకన్నా. సోడా తాగి నిదానంగా వచ్చెయ్. టెస్ట్ పాసైనోడివి, నీకేంది."

అన్న చిన్నగా నవ్వాడు. "సరేలే" అన్నాడు.

అంతే, బండి ఎక్కాడు. నేను ఎక్కమంటే ఎక్కాడు.

దారిలో నొప్పి ఎక్కువైనప్పుడు కూడా బండి ఎవరికీ అడ్డం పెట్టలేదు. బండి రోడ్డు దించి స్టాండ్ వేసి ఉంది. హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది. ఇండికేటర్ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నా కళ్లారా చూశాను. స్పీడు అన్నవాళ్లు ఇది చదివి ఆ మెసేజ్‌లు తీసేయండి. అన్నకు ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లూ ఫోన్లు చూస్తారు.

ఇంకొకటి. మీ ఇంట్లో ఎవరైనా గుండెల్లో గ్యాస్ అంటే సోడా తాగమనొద్దు. లేచి వెళ్లండి.

ఈ పొద్దున దహనం అయ్యాక వదిన దగ్గర కూర్చున్నాను. "ఆ బండి నా కంటికి కనపడకూడదు. అదే ఆయన్ను మింగింది" అంటోంది. వినలేకపోయాను. ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా చెప్పేశాను.

"కారడిగినాడా నిన్ను?" అంది.

"అడిగినాడు వదినా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయన ఎప్పుడూ ఎవుర్నీ ఏదీ అడిగేటోడు గాదు రవీ" అంది.

పోయిరా అన్నా. నీకు శాంతి దొరకాలి. ఈ తమ్ముడిని క్షమించు.