కల్ల, కళ్ళ, సుళ్ళు

కొత్త ఊళ్ళో ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో మనిషికి కాస్త భయం ఉండాలి. నాకు అది లేకపోగా, కన్నడం వచ్చేసిందన్న ధైర్యం ఉండేది. కడప నుంచి వచ్చి కర్ణాటకలోని హొసకోటెలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. తెలుగు మాటను చివర కాస్త సాగదీస్తే కన్నడం అయిపోతుందని నా లెక్క. (చాలావరకు అయిపోయేది కూడా. అదే నా కొంప ముంచింది.)

మగవాళ్ళ వార్డులో ఒక అజ్జ (అక్కడ తాతను అలాగే అంటారు) ఉండేవాడు, జీవితమంతా గోడౌన్‌కు కాపలా కాసిన మనిషి. మాత్ర ఇస్తే "నుంగిదెనమ్మా", మింగేశానని, బుద్ధిగా తలూపేవాడు. ఒక సాయంత్రం దుప్పటి మారుస్తుంటే దిండు కింద ఆ మాత్రలు దొరికాయి. అప్పుడే ఆయన కూతురి అత్తగారివాళ్ళు పండ్లు పట్టుకుని చూడ్డానికొచ్చి మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. మా అవ్వ నోట 'అబద్ధం' వచ్చేది కాదు (ఆ మాట సంగతి చెప్తున్నాను), ఎప్పుడూ 'కల్ల' అనేది. నేనూ మాత్రలు పైకెత్తి చూపిస్తూ, వార్డంతా వినేలా, ముద్దుగా అడిగాను: "ఏనజ్జా, కల్లా?"

ఎవరూ నవ్వలేదు. వియ్యంకుడు పండ్ల సంచి కింద పెట్టేశాడు. అజ్జ లేచి కూర్చుని, ఆయనవైపే చూస్తూ, "నాను కళ్ళ అల్ల" అన్నాడు. వార్డులో పనిచేసే ఆయా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. ఆమెది ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగు. "కళ్ళ అంటే దొంగ పాపా. నేను దొంగను కాదంటుండాడు. కాపలా కాసినోణ్ణి, వియ్యంకులు పక్కనే ఉండారు, దొంగా అంటివే! అబద్ధానికి ఇక్కడ సుళ్ళు అంటారు." నాకు తెలిసి సుళ్ళంటే తలలో ఉండేవి. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వాళ్ళంతా మళ్ళీ వచ్చేదాకా ఆగి, వాళ్ళ ముందే, బట్టీ పట్టిన కన్నడంలో చెప్పాను: "అజ్జా, నాను కళ్ళ అందిద్దు సుళ్ళు." నేను 'కల్ల' అన్నది అబద్ధమనే అర్థంలో అని నా ఉద్దేశం. నిన్ను దొంగ అన్నది అబద్ధం అని వాళ్ళకు అర్థమైంది. అజ్జ నావైపు తిరిగి, "హాగాదరె సుళ్ళు హేళిద్దు నీనా?" అన్నాడు. అయితే అబద్ధం చెప్పింది నువ్వా, అని. ముందు వియ్యంకుడే నవ్వాడు. బతికిపోయాననుకుని నేనూ నవ్వాను.

కానీ డిశ్చార్జి అయి ఇంటికెళ్ళేదాకా అజ్జ మాత్ర మింగిన ప్రతిసారీ, అడక్కుండానే, నోరు పెద్దగా తెరిచి నాలుక పైకెత్తి చూపించేవాడు. వద్దజ్జా అంటే వినేవాడు కాదు. నేను గోడవైపు చూసేదాన్ని. ఇప్పుడు కొత్తమ్మాయిలకు నేనే పని నేర్పుతున్నాను, నా కన్నడానికి ఎవరూ వంక పెట్టరు. మింగేశాం సిస్టర్ అని ఎవరన్నా సరే, నోరు తెరవమనను, నమ్మేస్తాను. దిండు సర్దే వంకతో చెయ్యి మాత్రం కిందికి పోతుంది, అదీ ఎవరూ చూడకుండా, అచ్చం దొంగలా.