నా నుదుట అంటించిన స్టిక్కర్

మాది మగ్గాల ఇల్లు. నేను పెద్దగ చదువుకోలె. మా ఆయన మంచాన పడ్డంక పంజాగుట్టల ఒక చీరల షాపుల పనికి కుదిరిన. మొదటిరోజే కొత్త చీరలకు బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించుమన్నరు. మా ఇంట్ల కొత్తబట్టను పసుపు పెట్టకుండ ఎవ్వరికీ ఇయ్యం. చీరకు పెడితే మరకైతదని, స్టిక్కర్ల మీదనే తలా ఒక పసుపుబొట్టు పెట్టిన.

మధ్యాహ్నం బిల్లు కాడ గిరాకీలు నిలబడ్డరు. నల్లగీతల మీద పసుపు ఎండింది. స్కానర్ ఎంత చూపినా కుయ్ మనలె.

"ఎవరి పనిది?" అని సేటు అరిచిండు.

"మంచిదని పెట్టిన సేటూ. జర పనిల నుంచి తీయకుండ్రి" అన్న.

ఆయన నవ్విండు. పాడైన చీర స్టిక్కరొకటి పీకి నా బొట్టు మీద అంటించి, స్కానర్ నా ముఖానికి పెట్టిండు. కుయ్ మన్నది.

"ఏమొచ్చింది, చదువు" అన్నడు బిల్లు కొట్టే పిల్లతోని.

"డ్యామేజ్ సరుకు, సేటూ."

గిరాకీలు సుత పడీపడీ నవ్విండ్రు.

"పని కావాల్నంటే సాయంత్రం దాక అది తీయకు" అన్నడు.

తీయలె. దాంతోనే నిలబడి చీరలు మడతపెట్టిన.

ఇప్పుడు అమీర్‌పేటల వేరే పని చేసుకుంటున్న. సామాన్లకు పోయినకాడ స్కానర్ కుయ్ మంటే మాత్రం, నా చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోతది.