స్టేషనుకు దగ్గరగా ఒక గది

పెళ్ళైన కొత్తలో అందరూ కాపురానికి ఇల్లు వెతుక్కుంటారు. మేం లాడ్జి వెతుక్కున్నాం. ఈ మాట ఇప్పుడంటే నా తోటి టీచర్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనీ, అప్పట్లో మేమూ నవ్వుకున్నాం.

అరవైల మధ్యలో సంగతి. నేను రేపల్లెలో టీచర్ని, ఆయన బాపట్లలో గుమాస్తా. ఆయన అక్కడ పెళ్ళికాని కుర్రాళ్ళతో కలిసి ఒకే గదిలో ఉండేవారు. ఇక్కడ రేపల్లెలో రెండు గదుల ఇల్లు. అందులో మా అత్తగారు, మరుదులు, నేను. ఆయన వచ్చిన రోజున ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు వసారాలో పడుకునేవాళ్ళం. బదిలీ కోసం ఇద్దరం అర్జీలు పెడుతూనే ఉన్నాం. పై ఆఫీసులో వాటిని ఎవరైనా చదివారో లేదో నాకు నమ్మకం లేదు.

రేపల్లె నుంచి వచ్చే బండీ, బాపట్ల నుంచి వచ్చే బండీ కలిసేది తెనాలిలో. ఆయనకి ఆలోచన అలా వచ్చింది. శనివారం మాకు ఒంటిపూట బడి. సాయంత్రానికి ఇద్దరం తెనాలి చేరొచ్చు, ఆదివారం మధ్యాహ్నం ఎవరి బండి వాళ్ళెక్కొచ్చు. కావలసిందల్లా మా జీతాలకి అందే ఒక గది, అదీ స్టేషనుకి నడిచిపోయేంత దగ్గరలో. రిక్షా ఎక్కితే తెలిసినవాళ్ళెవరైనా చూస్తారని నా భయం.

మొదట చూసినదాంట్లో నల్లులు. తర్వాతది సినిమాహాలు పక్కన, పాటలన్నీ మన మంచం మీదే పాడుతున్నట్టుండేది. ఇంకోటి బాగానే ఉంది గానీ ధర వినగానే ఆయన మర్యాదగా నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు. చివరికి గూడ్సు షెడ్డు వైపు మేడ మీద లాడ్జి ఒకటి దొరికింది. కిటికీ తీస్తే పట్టాలు, బండి వస్తుంటే బకెట్లో నీళ్ళు కదిలేవి. అక్కడి మేనేజరు మమ్మల్ని ఎగాదిగా చూసి, భార్యాభర్తలైతే హాయిగా ఇంట్లో ఉండక ఇక్కడెందుకండీ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంతలో నా చేతిలోని క్యారియర్‌లోంచి గోంగూర పులుసు కారి వాళ్ళ గచ్చు మీద పడింది. మేనేజరు దాన్ని చూసి, ఇంకేం అడక్కుండా తాళంచెవి ఇచ్చేశాడు. పులుసు మోసుకొచ్చే ఆడమనిషి పెళ్ళామే అయ్యుంటుందని అతని లెక్క కాబోలు.

ఆ గదిలో మేం ఎక్కువగా మాట్లాడుకునేవాళ్ళమంటే ఎవరూ నమ్మరు. ఇంట్లో ఆయన నాతో పొడిగా మంచినీళ్ళడిగే మనిషి. అక్కడ కిటికీలో కూర్చుని, నిడుబ్రోల్లో బండి ఎంతసేపు ఆపేశారో, బండిలో ఎవరెవరు దెబ్బలాడుకున్నారో అన్నీ చెప్పేవారు. నాకు నవ్వు ఆగేది కాదు. నా జీవితంలో కాపురం అన్నది ఏదైనా ఉంటే అది ఆ గదిలోనే ఉంది.

అది ఎన్నాళ్ళో సాగలేదు. తెనాలిలో మా చిన్నత్తగారిల్లుంది, అంటే మా అత్తగారి సొంత చెల్లెలు. మా వైపు, ఊళ్ళో అయినవాళ్ళుండగా లాడ్జిలో దిగడమంటే వాళ్ళ గుమ్మంలో నిలబడి వాళ్ళని తిట్టినట్టే. ఎవరు మోశారో గానీ ఆవిడకి కబురు చేరింది. ఒక ఆదివారం పొద్దున్నే మేడ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. మేం పోయామనుకున్నారా అని ఒక్క మాటంది. మా సంచీ ఆవిడే పట్టుకుని కిందికి దిగింది.

ఆ తర్వాత ప్రతి శనివారం వాళ్ళింట్లోనే. ఆవిడ పెట్టినంత ప్రేమగా నాకు కన్నతల్లి కూడా పెట్టలేదు, ఆ మాట చెప్పకపోతే నా కళ్ళు పోతాయి. మేం వస్తున్నామంటే పెరుగు విడిగా తోడేసేది. కానీ అక్కడా అంతే, ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు డాబా మీద. మేం ఇద్దరం వారం వారం కలుసుకునేవాళ్ళం, ఒక్కసారీ ఏకాంతంగా లేము.

ఒక ఆదివారం బండెక్కించడానికి వచ్చిన చిన్నమామగారు కిళ్ళీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, ఆయన నా పక్కకి వచ్చారు. మనిషి చిక్కినట్టు కనిపించారు.

"నీతో ఒక మాట చెప్పాలి. వీళ్ళింట్లో కుదరదు. వచ్చే శనివారం తిన్నగా లాడ్జికి వచ్చెయ్, నేను ముందే వచ్చి ఉంటా" అన్నారు.

ఆ వారమంతా నేను బడిలో ఏం పాఠం చెప్పానో నాకే తెలీదు. బదిలీ వచ్చిందేమో అనుకున్నాను. బాపట్లలో ఇల్లు చూశారేమో అనుకున్నాను. శనివారం గోంగూర పులుసే పెట్టాను, నవ్వుతారని.

వేమూరు దాటాక జడ మళ్ళీ దువ్వుకున్నాను. లాడ్జికి వెళితే ఆయన లేరు. ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చే ఆనవాయితీ వాళ్ళకి లేదు. ఆయనొచ్చాక చూద్దామమ్మా అని మేనేజరు నన్ను కింద బల్ల మీద కూర్చోబెట్టాడు. వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసిన చూపులు ఇప్పటికీ నా ఒంటి మీదున్నాయి. దీపాలు పెట్టారు. బాపట్ల బండి వచ్చి ఎంతసేపో అయిపోయింది. రేపల్లెకి ఆఖరి బండి తప్పిపోతే ఇంక దారి లేదు గనక లేచాను. చిన్నత్తగారింటికి వెళ్ళలేకపోయాను. ఇంతసేపూ ఎక్కడున్నావంటే ఏం చెప్పను? పులుసు బండి కిటికీలోంచి పారబోశాను. నా ఒళ్ళు మండిపోతోంది. వచ్చే వారం ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను.

మాట్లాడాల్సిన పని పడలేదు. ఆ వారం మధ్యలోనే ఆఫీసులో కుర్చీలోంచి ఒరిగిపోయారట. గుండె. నేను బాపట్ల వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు.

ఆయన గదిలో ఉండే కుర్రాడొకడు ఏడుస్తూ చెప్పాడు. డాక్టరు పది పన్నెండు రోజుల కిందటే చూసి, వెంటనే గుంటూరు వెళ్ళి పెద్దాసుపత్రిలో చేరమన్నాడట. "ఇంట్లో ఆవిడతో ఒక్క మాట చెప్పి వెళతానండి" అన్నారట ఈయన.

అయితే ఎందుకు రాలేదు? చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఏడవడానికి కూర్చుంటే కోపం వచ్చేది. కోప్పడదామంటే ఏడుపు వచ్చేది. చిన్నత్తగారింటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఎనభైల్లో ఒకసారి పరీక్షల పని మీద నన్ను బాపట్ల వేశారు. పని ముగించుకుని తిరిగి వస్తూ, తెనాలిలో దిగి, కాళ్ళు ఎటు తీసుకెళితే అటు నడిచాను. అదే లాడ్జి, మేనేజరు మాత్రం కొత్తవాడు. నా నెరిసిన తల చూసి, టీచర్నని చెప్పగానే, సాయంత్రం దాకా గది ఇచ్చాడు. కిటికీ తీసి కూర్చున్నాను. ఎవరు చూసి చెప్పారో, మధ్యాహ్నానికి చిన్నత్తగారు మెట్లెక్కి వచ్చింది. బాగా ముసలిదైపోయింది. ఈసారి ఇంటికి రమ్మనలేదు. మంచం మీద కూర్చుని గదంతా కలయజూసింది.

"ఆ శనివారం నువ్వు ఇక్కడున్నావా అమ్మాయ్?" అంది.

ఉన్నానండి అన్నాను.

ఆవిడ మెల్లగా చెప్పింది. చిన్నమామగారు స్టేషన్లో కనబడి ఆయన్ని బలవంతంగా ఇంటికి తీసుకొచ్చారట. కోడలేదని అడిగితే, ఈ వారం రావట్లేదన్నారట ఆయన. అలా అంటే తొందరగా వదుల్తారనుకున్నారేమో. ఒకసారి స్టేషనుదాకా వెళ్ళొస్తానని లేచి లేచి కూర్చున్నారట.

"పెళ్ళాం రానప్పుడు స్టేషన్లో ఏం పని, మా చేతికి చిక్కకుండా పోదామనా అని నవ్వాను. అన్నం తినకుండా వెళ్ళిపోతాడని వాడి చెప్పులు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. అందరం నవ్వాం. వాడూ నవ్వాడే అమ్మాయ్."

మా ఇళ్ళల్లో చుట్టం వెళతానంటే చెప్పులు దాచేస్తాం. నేనూ ఎన్నోసార్లు దాచాను. దాన్ని ప్రేమ అంటాం. చెప్పుల్లేకపోతే మాత్రం మనిషి నడవలేడా అని మీరనొచ్చు. పిన్నిని కాదని, వట్టి కాళ్ళతో, లాడ్జిలో నా పెళ్ళాం కూర్చునుందని చెప్పి వెళ్ళగలిగే మనిషి కాదాయన. అలాంటి మనిషైతే మేం ఆ గది వదిలి వెళ్ళేవాళ్ళమే కాదు.

రేపల్లె బండి వేళైంది. నేను సంచీ సర్దుకుని లేచాను. ఆవిడ నాకంటే ముందు లేచి, గోడ పట్టుకుని వంగి, తలుపు పక్కనున్న నా చెప్పులు రెండు చేతులతో తీసి నా కాళ్ళ ముందు పెట్టింది.

"వెళ్ళమ్మా, బండి తప్పిపోద్ది" అంది.

పెద్దావిడ, అత్తగారి వరస. అయ్యో వద్దండీ అని చేతులు పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగాను.