పాముకు ప్రార్థన చేయించారు

ఈ రోజు మధ్యాహ్నం మన ప్రార్థన కూటానికి వచ్చే సాఫ్ట్‌వేర్ తమ్ముడొకడు ఫోన్ చేసి, "అంకుల్, ప్రాణం మీదికొచ్చింది, అర్జెంటుగా ప్రేయర్ చెయ్యాలి" అని ఏడ్చాడు. పరిశుద్ధ గ్రంథం చంకన పెట్టుకుని సెంబవాంగ్ నుంచి వుడ్‌ల్యాండ్స్‌కు పరుగెత్తాను. రోగి గాజుపెట్టెలో ఉంది. మూడడుగుల పాము! వీపు నిండా ఎలుక కొరికిన గాట్లు.

"అమ్మినవాళ్లు ఫ్రోజెన్ ఎలుకలే వెయ్యమన్నారు అంకుల్. మనమే ఫ్రిజ్‌లోది తినం కదా, పాపం దానికెందుకని ఫ్రెష్‌గా బతికున్నది వేసి ఆఫీసుకెళ్లా."

పాముకు ఆకలి లేదు. ఎలుకకు వేసింది. ఏదెను తోటలో హవ్వను బుట్టలో వేసుకున్న వంశం చిట్టెలుక చేతిలో చిత్తయింది.

"డాక్టర్‌కు చూపించలేదా?"

"ఈ దేశంలో పామును పెంచితే కేసు అంకుల్. అందుకే మిమ్మల్ని పిలిచా. కొంచెం మెల్లగా చెయ్యండి, పక్క ఫ్లాట్‌కు వినపడుద్ది."

దేవుడైతే ఎవరికీ చెప్పడని ఎంత ధీమా! మెల్లగా ప్రార్థించడం నాకెక్కడ వచ్చు? "ప్రభువా, దీన్ని బతికించు, వీడిచేత నిజం చెప్పించు!" అని అరిచాను. ఆమెన్ అనేలోపే వాడు డాక్టర్‌కు ఫోన్ కలిపాడు.

టాక్సీలో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకున్నది నేనే. పాము బతుకుతుందట, వాడికి మాత్రం తిరిగివ్వరట. కేసు సంగతి ఇంకా తేలలేదు.

ఈ ఆదివారం నా ప్రసంగం సర్పం తలను చితగ్గొట్టడం గురించి. సాయంత్రం నుంచి దాని ఆరోగ్యం కనుక్కోవడానికి మూడుసార్లు ఫోన్ చేసినవాణ్ని, ఏ ముఖంతో నిలబడమంటారో మీరే చెప్పండి.