మనోడే, రానీయ్

ఆ రోజుల్లో ఫోన్లకు ఇంత అనుమానం ఉండేది కాదు. 'ఆ రోజుల్లో' అన్నానని నన్ను తాతల కాలం వాడిని చేయకండి, కొన్నేళ్ల కిందటి మాటే. కాకపోతే ఫోన్ల లెక్కలో కొన్నేళ్లంటే రెండు తరాలు. అప్పట్లో ఎవరైనా వాట్సాప్‌లో ఒక యాప్ ఫైలు పంపితే, ఫోను "చూసుకో మరి" అన్నట్టు ఒక్కసారి హెచ్చరించి, ఒక టిక్కు పెట్టించుకుని లోపలికి రానిచ్చేది. ఇప్పుడు స్టోర్ లోంచి రాని యాప్ అయితే చాలు, నువ్వెవరు, ఎవరి తాలూకు, నిన్ను చేసినవాడికి గుర్తింపు ఉందా అంటూ పెళ్లిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడుగుతుంది. మంచిదే. మోసాలు అంతగా పెరిగాయి, కాదనను. కానీ ఆ ప్రశ్నలు కనబడినప్పుడల్లా నాకు మా మైకు మామే గుర్తొస్తాడు.

మైకు మామ అంటే మా అమ్మ తమ్ముడు. నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మిషిన్ల రొదలో అరిచీ అరిచీ ఆ గొంతు అలాగే ఉండిపోయింది. ఇంట్లో ఉప్పు అడిగినా పక్క వాటావాళ్లు ఉలిక్కిపడేవారు. నేను ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగం వెతుక్కునే వంకతో వాళ్లింట్లో ఉండేవాడిని (వెతకడం తక్కువ, తినడం ఎక్కువ). నాకున్న ఒకే ఒక్క బాధ్యత మధ్యాహ్నం మామకు టిఫిన్ డబ్బా అందించడం. గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ ఆపేవాడు. నిన్న ఆపినవాడే, నిన్న నవ్వి పంపినవాడే, ఇవాళ మళ్లీ కొత్తగా "ఎవరివి నువ్వు? కార్డేది?" అనేవాడు. నా దగ్గర ఏ కార్డూ లేదు. అంతలో లోపలి షెడ్డులోంచి, అన్ని మిషిన్ల మీదుగా, మామ గొంతు వచ్చేది. "మనోడే, రానీయ్!" గేటు తెరుచుకునేది. ఎక్కడా ఎవరికీ పనికిరాని ఆ కాలంలో నన్ను మనోడని అంత గట్టిగా చెప్పిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ గొంతుకే జబ్బు చేసింది. ముందు జలుబన్నారు, తర్వాత దుమ్మన్నారు, చివరికి పెద్ద దవాఖానాలో స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. అత్త ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. నేను చదువులో నేర్చుకున్నది యాప్ తయారు చేయడం ఒక్కటే, అదీ సగం సగం. ఆపరేషన్‌కు ముందే మామ మాటలు రికార్డు చేసి, ఒక్కో మాటకు ఒక్కో బటన్ పెడతానన్నాను. మామ ఒప్పుకున్నాడు గానీ ఎదురుగా ఫోను పెట్టగానే బిగుసుకుపోయాడు.

"ఉట్టిగ ఎట్ల మాట్లాడుతర్రా? ఎవన్నన్న తిట్టాల్నంటె జెప్పు, తిడ్త."

"అత్తతోని ఏమన్న మంచిగ మాట్లాడు మామా."

"ఆమెతోని ఏం మాట్లాడాలె? మాట్లాడేదంత లగ్గమైన కొత్తల్నే అయిపోయింది."

ఇలా కాదని, ఫోను జేబులో వేసుకుని మామ వెంటే తిరిగాను. దొరికినవి ఇవీ: "చాయ్ ఏడ పోయింది?", "ఏం పని జేస్తున్నవ్ నువ్వు?", "మిషిన్ బంద్ జెయ్", "తిన్నవా?", ఇంకా ఇలాంటివే కొన్ని. డబ్బా ఇవ్వడానికి వెళ్లిన రోజు "మనోడే, రానీయ్" కూడా షెడ్డు చప్పుడుతో సహా పడింది. మామ భార్యను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇగో... ఇంటున్నవా" అనేదే ఆ ఇంట్లో అత్త పేరు. ఆ ఒక్క మాట మాత్రం ఎందుకో గొంతు తగ్గించి అనేవాడు. దానికి పై వరసలో మొదటి బటన్ ఇచ్చాను.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాసి చెప్పమని పలక ఇస్తే పక్కకు తోశాడు. ఫోనును దిండు పక్కన పెట్టి ఊరుకున్నాం. ఒక సాయంత్రం వంటింట్లో ఉన్న అత్తకు "ఇగో... ఇంటున్నవా" అని వినబడింది. గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ పిలుపు వెనక ఒక కుక్కర్ విజిల్ కూడా ఉంది (రికార్డు చేసిన రోజు పప్పు ఉడుకుతోంది మరి). అందుకని ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా అత్త ముందు పొయ్యి వైపు చూసేది, తర్వాత మామ వైపు. దవాఖానాలో పెద్ద డాక్టర్ ఎదుట వేలు జారి "ఏం పని జేస్తున్నవ్ నువ్వు?" అన్నప్పుడు తప్ప, మామ మర్యాదగానే మాట్లాడాడు.

ఈ యాప్‌ను స్టోర్‌లో పెట్టాలని నేనూ ప్రయత్నించాను. దీనివల్ల జనానికి ఉపయోగమేమిటని అడిగారు. ఒక్క మనిషి కోసం చేశానని నిజం రాశాను. తిప్పి పంపారు. మామ పాత ఫోను మాత్రం ఏమీ అడగకుండా పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఆ ఫోను బకెట్లో పడింది. తీసి బియ్యంలో పెడితే బతికింది గానీ, తెర పైభాగం వేలికి పలకడం మానేసింది. ఆ మోడల్‌కు డిస్‌ప్లే ఇక దొరకదన్నారు. కింది వరసలో "మిషిన్ బంద్ జెయ్", "తిన్నవా?", "మనోడే, రానీయ్" మాత్రమే మిగిలాయి. బటన్లు కిందికి జరిపి మళ్లీ చేద్దామంటే నా లాప్‌టాప్ ఎప్పుడో చెడిపోయింది, మిగిలింది తయారైన యాప్ ఫైలు ఒక్కటే. మామ వాటితోనే సంసారం నడిపాడు. టీవీ కట్టేయాలన్నా, నేనూ అత్తా వాదించుకుంటుంటే ఆపాలన్నా "మిషిన్ బంద్ జెయ్". కూరలో ఉప్పు తక్కువైతే అత్త వైపు చూసి "తిన్నవా?" (నువ్వు రుచి చూశావా అని అర్థం). నేను పడీ పడీ నవ్వేవాడిని. మామా నవ్వేవాడు, చప్పుడు లేకుండా. అత్త నవ్వేది కాదు.

"నన్ను పిలుస్తలేడు బిడ్డా," అంది ఒకరోజు మెల్లగా. "బువ్వ పెడ్తె తింటుండు, గోలీలిస్తె ఏస్కుంటుండు. పిలుసుడే లేదు. కోళ్లను తోలినట్టు సప్పట్లు కొడ్తుండు."

మర్నాడే ఉప్పల్ వెళ్లి కొత్త ఫోను తెచ్చాం. నా దగ్గరున్న ఫైలు అందులో వేయబోతే ఎర్ర ముక్కోణంతో అడ్డం తిరిగింది: ఈ యాప్ తయారు చేసినవారు ఎవరో తెలియదు, ఇది మీ ఫోనుకు హాని చేయవచ్చు. అత్త కూడబలుక్కుని చదివింది. ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నువ్వెవరో ఎరుకలేదా దీనికి? ఇన్ని నెలలు మా ఇంట్ల బువ్వ తిన్న పోరనివి. ఇది నిన్న వచ్చింది, నిన్ను ఎరుకలేదంటదా?"

ఆ ఫోనును పట్టుకుని మళ్లీ ఉప్పల్ షాపుకు వెళ్లాం. షాపతను చూసి తల ఊపాడు. "రక్షణలన్ని బంద్ జేస్తె ఎక్కుతదక్కా. గని గప్పుడు నీ బ్యాంకు యాప్ తెరుసుకోదు. గదొక్కటి ఉంటె ఇదుండదు. ఏది గావాల్నో సూస్కో."

అత్త ఫోను కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చింది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క ఫోనే, మామ పింఛను వచ్చిందో లేదో ఆమె చూసుకునేది షాపులోనే వేయించిన ఆ బ్యాంకు యాప్‌లోనే. పైగా పీర్జాదిగూడలో ఉండే వాళ్ల పిన్ని, ఎవరో పంపిన కరెంటు బిల్లు ఫైలు తెరిచి ఖాతా ఊడ్చిపెట్టుకుంది. ఎవరికి ఫోన్ చేసినా ముందు వినబడేది తెలియని యాప్‌లు వేసుకోవద్దన్న హెచ్చరికే. అత్త మంచం అంచున కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"నీ మీద నాకు అనుమానం లేదు బిడ్డా. తలుపు నీ కోసమే తీస్త. నీ ఎన్కనే ఇంకెవడన్న వస్తె?"

ఆమె భయం నిజమైనదే, ఫోను చెప్పిందీ నిజమే. ఇంజనీరింగ్ చదివిన నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మామ మంచం మీంచి లేచాడు. పాత ఫోను తీసుకొచ్చి, అత్త ఒళ్లో ఉన్న కొత్త ఫోను మీదికి వంగి, చెవిలో చెబుతున్నట్టు దగ్గరగా పెట్టి, బటన్ నొక్కాడు.

"మనోడే, రానీయ్!"

షెడ్డులోని మిషిన్లన్నీ ఒక్కసారి ఆ గదిలో తిరిగాయి. అత్త పకపకా నవ్వింది. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "బ్యాంకు ఏడికి పోతది, గల్లీ సివరనే ఉన్నది. నడుసుకుంట పోయి లైన్ల నిలబడ్త," అని తన చేత్తోనే బ్యాంకు యాప్ తీసేసింది. రక్షణలు ఒక్కొక్కటీ ఆపి, టిక్కు పెట్టేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది.

యాప్ ఎక్కింది. మామ కొత్త తెర మీద పై వరస వెతుక్కుని మొదటి బటన్ నొక్కాడు.

"ఇగో... ఇంటున్నవా."

అత్త పక్కనే ఉంది. అయినా ముందు పొయ్యి వైపు చూసింది. "ఇంటున్న," అంది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. మా కంపెనీ ఫోన్లలోకి బయటి యాప్‌లు చొరబడకుండా చూడటమే నా పని. గుర్తింపు లేనిదేదైనా వస్తే ఆపేస్తాను, వాదన వినను. టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు బయట నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పుడొస్తే వాడిని ఆపేది నేనే కదా అనుకుంటే నవ్వొస్తుంది, ఆ వెనకే కొంచెం బెంగగానూ ఉంటుంది. ఈ మధ్య యాప్‌లు చేసేవాళ్లంతా పేరూ ఊరూ రుజువులతో నమోదు కావాలంటున్నారు. మామ యాప్ కోసం నేనూ నా కార్డులన్నీ పెట్టి నమోదయ్యాను. మీ గుర్తింపు నిర్ధారణ అయిందని సందేశం వచ్చింది. ఆదివారం నాచారం వెళ్లి దాన్ని గర్వంగా మామకు చూపించాను. మామ అద్దాలు పెట్టుకుని నిదానంగా చదివాడు. తర్వాత తన ఫోను తీసి, నా ముఖంలోకి చూస్తూ ఒక బటన్ నొక్కాడు.

"ఏం పని జేస్తున్నవ్ నువ్వు?"

ఈసారి వేలు జారలేదు.

"గేటు కాడ ఉంటున్న మామా," అన్నాను.